మీగడలా ఉండాలా... వెన్నలా ఉండాలా?

కొలతల ప్రకారమే చేశారు. పొయ్యి మీద నుంచి దించి గిలక్కొట్టేటప్పుడు తెల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. సీసాలో పోసి మూత పెట్టారు. మర్నాడు పొద్దున్నే తీసి చూస్తే... పైన నూనె తెట్టె, అడుగున నీళ్లు, మధ్యలో ఉండలు! అచ్చం విరిగిన పాలే.

ఇంట్లో చేసుకునే క్రీముల గురించి ఈ పేజీలో రాసినప్పుడల్లా వచ్చే ఉత్తరాల్లో ఇలాంటివే ఎక్కువ. విరిగిపోయిందని కొందరు, ఇసకలా గరగరలాడుతోందని కొందరు, రాసుకుంటే సున్నం పూసుకున్నట్టు తెల్లగా ఉంటోందని ఇంకొందరు. ‘అమ్మే క్రీముల్లా ఎందుకు రావు?’ అన్నది అందరి ప్రశ్న. వస్తాయి. కాకపోతే కొలతలొక్కటే తెలిస్తే చాలదు, ఆ కొలతలు ఎందుకో కూడా తెలియాలి. వంటలోనూ అంతే కదా!

‘రాసుకునేదే కదా, ఎలా ఉంటేనేం?’ అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. వాళ్లకోసం ఒక్క ఉదాహరణ. పెద్దవాళ్లకి చలికాలం వచ్చిందంటే మడమలు పగుళ్లు. కోడలు నువ్వులనూనె, మైనం కరిగించి శ్రద్ధగా లేపనం చేసిపెడుతుంది. అత్తగారు రెండ్రోజులు రాసుకుని మూడోరోజు మానేస్తారు. ‘ఈ జిడ్డుతో బండల మీద నడిస్తే జారి పడతానే తల్లీ’ అంటారు. ఆ మాట నిజమే మరి! డెబ్భై ఏళ్ల వయసులో జారిపడటం చిన్న విషయం కాదు. రాసుకోకపోతే పగులు మానదు. ఒంట్లో షుగర్ కూడా ఉంటే ఆ పగులే పుండవుతుంది. స్పర్శ సరిగా తెలియక ముదిరేదాకా నొప్పి కూడా ఉండదు. అందుకే జిడ్డు తగ్గించడం, నునుపు తేవడం షోకు కోసం చేసే పని కాదు. రాసుకునేలా ఉంటేనే అది మందు.

వంటింట్లోనే ఉంది పాఠం

పాలమీద మీగడ, దాన్ని చిలికితే వచ్చే వెన్న... రెండింట్లోనూ ఉన్నవి అవే కొవ్వు, అవే నీళ్లు. మరి చేతికి తగిలినప్పుడు అంత తేడా ఎందుకు? మీగడలో నీళ్ల మధ్య కొవ్వు బొట్లు తేలుతుంటాయి. అందుకే అది పలచగా, చల్లగా, నీళ్లతో కడిగితే పోయేలా ఉంటుంది. చిలికేకొద్దీ బొట్ల మీది పొర చిట్లి, కొవ్వంతా ఒక్కటై, వ్యవహారం తలకిందులవుతుంది. వెన్నలో కొవ్వు మధ్య నీటి బొట్లు ఇరుక్కుని ఉంటాయి. అందుకే వేళ్లకు అంటుకుని ఒక పట్టాన వదలదు.

క్రీములన్నీ ఈ రెండు కుటుంబాల్లో ఏదో ఒకదానికి చెందినవే. పొద్దున్న రాసుకుని ఆఫీసుకు వెళ్లిపోయే లోషన్ మీగడ జాతి. చలికాలం రాత్రి కాళ్లకు, చేతులకు పట్టించే కోల్డ్‌క్రీమ్ చాలావరకు వెన్న జాతి. మీరు చేసింది ఏదో తేల్చుకోవాలంటే గ్లాసుడు నీళ్లలో ఒక బొట్టు వేయండి. తెల్లగా విడిపోయి కలిసిపోతే మీగడ. ముద్దలా తేలుతూ ఉండిపోతే వెన్న. లోపం సరిదిద్దేముందు ఈ పరీక్ష తప్పనిసరి. ఎందుకంటే మొదటిదానికి పనికొచ్చే చిట్కా రెండోదానికి చాలాసార్లు పనికిరాదు.

నూనె, నీళ్లు వాటంతట అవి కలవవు. మధ్యవర్తి కావాలి. పాలలో ఆ పని ప్రొటీన్లు చేస్తాయి. క్రీములో ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ చేస్తుంది. పాతకాలపు కోల్డ్‌క్రీముల్లో తేనెమైనం, వెలిగారం కలిసి చేసేవి. తేనెమైనం, ఆలివ్‌నూనె, గులాబీనీరు కలిపి క్రీము చేసినవాడిగా రెండో శతాబ్దంలో రోమ్‌లో ఉన్న వైద్యుడు గేలెన్ పేరు చెబుతారు. నీళ్లు మెల్లగా విడిపోయి ఆవిరవుతుంటే చర్మానికి చల్లగా అనిపించేది కాబట్టి కోల్డ్‌క్రీమ్ అయింది. మధ్యవర్తి సరిగా లేదు కనుక ఆ క్రీము ఎక్కువకాలం నిలిచేది కాదు. అంటే విరిగిపోయిన క్రీము చూసి దిగులుపడటం మనతో మొదలైంది కాదన్నమాట!

ముందు ఒక మామూలు క్రీము

సరిదిద్దడం గురించి మాట్లాడాలంటే చేతిలో ఒక లెక్క ఉండాలి. వంద గ్రాముల మీగడ రకం క్రీముకు ఇది చూడండి. మరిగించి చల్లార్చిన నీళ్లు, లేదా డిస్టిల్డ్ వాటర్ 70 గ్రాములు. గ్లిజరిన్ 4. నూనె 17. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 6. సెటైల్ ఆల్కహాల్ 2. నిల్వకోసం ప్రిజర్వేటివ్ 1. ఆల్కహాల్ అన్న మాట చూసి కంగారుపడకండి, అది సారాయి కాదు. తెల్లటి మైనపు బిళ్లల్లా ఉంటుంది, చర్మానికి మెత్తదనాన్నిస్తుంది.

చెంచాల లెక్క మాత్రం వద్దు. తురిమిన మైనం చెంచాడు, ముక్కలుగా ఉన్న మైనం చెంచాడు ఒకటే బరువు తూగవు. గ్రాము వరకూ చూపించే చిన్న వంటింటి కాటా చాలు. నూనెలు, మైనాలు ఒక గిన్నెలో, నీళ్లు, గ్లిజరిన్ మరో గిన్నెలో వేసి, రెండు గిన్నెలనూ వేడినీళ్లున్న పెద్ద పాత్రలో ఉంచి కరిగించాలి. నూనె, మైనాన్ని నేరుగా మంటమీద పెట్టొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది. రెండూ 70 నుంచి 75 డిగ్రీలకు వచ్చాక కలిపి, హ్యాండ్ బ్లెండరుతో గిలక్కొట్టి, 40 డిగ్రీలకు చల్లారాక ప్రిజర్వేటివ్, సువాసన చేర్చాలి.

విరిగిపోతే...

క్రీము విరగడానికి ఎక్కువగా కనిపించే కారణం వేడి తేడా. మైనం కరిగిన నూనె 70 డిగ్రీల మీద ఉంటుంది, నీళ్లేమో గోరువెచ్చగా ఉంటాయి. రెండూ తగలగానే మైనం గడ్డకట్టేస్తుంది. మధ్యవర్తే గడ్డకట్టాక సంధి ఎవరు కుదురుస్తారు? రెండు గిన్నెలూ ఒకే వేడిలో ఉండాలని పదేపదే చెప్పేది ఇందుకే.

రెండో కారణం గిలక్కొట్టడం చాలకపోవడం. చెంచాతో తిప్పితే నూనె పెద్దపెద్ద బొట్లుగానే ఉండిపోతుంది. పెద్ద బొట్లు తొందరగా ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోతాయి. పూర్వం కవ్వం పనికొచ్చినట్టే ఇక్కడ బ్లెండరు పనికొస్తుంది. రెండు నిమిషాలు తిప్పడం, ఒక నిమిషం ఆపడం, మళ్లీ తిప్పడం... ఇలా గోరువెచ్చన అయ్యేదాకా. ఆ తర్వాత చెంచాతో మెల్లగా కలిపితే చాలు.

మూడోది పైకి కనిపించని కారణం. తేనెమైనం, వెలిగారంతో కోల్డ్‌క్రీమ్ చేసేవాళ్లకు ఎదురవుతుంది. మైనంలో సహజంగా ఉండే ఆమ్లాలతో వెలిగారం కలిసి, అప్పటికప్పుడు కాస్త సబ్బు తయారవుతుంది. ఆ సబ్బే నూనెనూ నీళ్లనూ పట్టి ఉంచుతుంది. మైనం 16 గ్రాములకు వెలిగారం ఒక గ్రాము సరిపోతుంది. నూనె 50, నీళ్లు 33 గ్రాములు. వెలిగారాన్ని వేడినీళ్లలో పూర్తిగా కరిగించాకే కలపాలి. తక్కువైతే క్రీము మెరుపు లేకుండా గరుకుగా వస్తుంది. ఎక్కువైతే చల్లారాక పలుకులు తేలి చేతికి గుచ్చుకుంటాయి. ఇంత జాగ్రత్తగా చేసినా విరిగిందంటే అనుమానించాల్సింది మైనాన్నే. బజారులో తేనెమైనం పేరుతో పారఫిన్ కలిపినది చాలానే అమ్ముతారు. పారఫిన్‌లో ఆ ఆమ్లాలు లేవు, కనుక వెలిగారం ఎంత వేసినా సబ్బు పుట్టదు. అసలు మైనానికి తేనె వాసన ఉంటుంది. వేళ్లమధ్య నలిపితే మెత్తబడి ముద్దవుతుంది. పారఫిన్ జారుతూ, పొరలుగా ఊడుతుంది. పగుళ్లకు కొవ్వొత్తి కరిగించి కొబ్బరినూనెలో కలుపుకునే చిట్కా మన ఊళ్లలో ఉన్నదే. దానివల్ల పగులుమీద పూత ఏర్పడి తేమ పోకుండా ఆగుతుంది, నిజమే. కానీ అందులో నీళ్లు కలిపి క్రీము చేద్దామంటే కుదరదు. రంగుల కొవ్వొత్తులు, సువాసన కొవ్వొత్తులైతే అసలు వద్దు.

వెలిగారం క్రీమును మూడేళ్లలోపు పిల్లలకు, చిట్లిన చర్మానికి, రక్తం కారే పగుళ్లకు రాయకూడదు. ఇది గుర్తుంచుకోవాల్సిన మాట.

ఇక నిమ్మరసం. మొటిమలు పోతాయని, రంగు తేలుతుందని ప్రతి దాంట్లోనూ నిమ్మకాయ పిండటం మనవాళ్లకు అలవాటు. పాలలో పిండితే ఏమవుతుందో తెలుసు కదా! సబ్బు ఆధారంగా నిలబడిన క్రీములోనూ అదే జరుగుతుంది. పులుపు తగలగానే సబ్బు కట్టు తెగిపోయి నూనె పైకి తేలుతుంది. పైగా నిమ్మజాతి రసం ఒంటిమీద ఉండగా ఎండలోకి వెళితే కొందరికి చర్మం బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. నిమ్మకాయను చారులోకి ఉంచుకోండి.

విరిగిన క్రీమును పారేయక్కర్లేదు, అదే రోజు గమనించినట్టయితే. మళ్లీ వేడినీళ్ల పాత్రలో పెట్టి 70 డిగ్రీల దాకా వేడిచేసి, ఒక గ్రాము ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అదనంగా వేసి గిలక్కొడితే చాలాసార్లు కుదురుకుంటుంది. ఇక్కడొక కిటుకు ఉంది. కాచినప్పుడల్లా నీళ్లు ఆవిరవుతాయి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకుంటే, ఎన్ని నీళ్లు పోయాయో తూచి అన్నే వేడినీళ్లు కలపొచ్చు. ‘పోయినసారి కుదిరింది, ఈసారి గట్టిగా వచ్చింది’ అనేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఈ ఆవిరే.

నెయ్యి పూస కట్టాలి, క్రీము కట్టకూడదు

నేతిలో పూస ఉంటే మురిసిపోతాం. కమ్మటి నెయ్యికి అదే గుర్తు అంటాం. క్రీములో అదే పూస కనిపిస్తే మొహం చిట్లిస్తాం. కానీ రెండూ ఒకటే! కొవ్వుల్లో కొన్ని త్వరగా గడ్డకట్టేవి, కొన్ని ఆలస్యంగా గడ్డకట్టేవి. కాచిన నెయ్యిని గట్టు మీద వదిలేస్తే మెల్లగా చల్లారుతుంది. ముందు గడ్డకట్టే కొవ్వులకు తీరిగ్గా ఒకచోట చేరే వ్యవధి దొరుకుతుంది. అవే పూసలు. అదే నేతిని గబుక్కున చల్లారిస్తే పూస సన్నగా, పేస్టులా ఉంటుంది.

షియా బటర్, కోకమ్ బటర్ వేసిన క్రీములు, లేపనాలు వారం పది రోజులకు రవ్వరవ్వగా మారడానికి కారణం ఇదే. పాడైపోలేదు, పురుగు పట్టలేదు. రాసుకుంటే ఒంటి వేడికి కరిగిపోతుంది. అయినా బాగుండదనుకుంటే మందు సులువు. ఆ వెన్నను బొటాబొటిగా కరిగించి ఊరుకోకుండా 75 డిగ్రీల దాకా తీసుకెళ్లి పాత పలుకులన్నీ కరిగేలా చూడాలి. తర్వాత గిన్నెను చల్లనీళ్ల పళ్లెంలో పెట్టి, ఆపకుండా కలుపుతూ త్వరగా చల్లార్చాలి. లేపనమైతే ఫ్రిజ్‌లో పెట్టినా సరే. నేతికి చేసేదానికి సరిగ్గా తలకిందులు.

కొబ్బరినూనె సంగతి వేరు. దాదాపు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. డిసెంబరులో లంబసింగిలో చేసిన క్రీము రాయిలా ఉంటుంది. అదే క్రీము మేలో రెంటచింతలలో సీసాలోనే నీళ్లవుతుంది. మీ చేతివాటం లోపం కాదిది. కొబ్బరినూనెలో సగం తీసేసి నువ్వులనూనె వేస్తే చలికాలం గట్టిపడటం తగ్గుతుంది. ఎండాకాలానికి మైనం ఒక గ్రాము పెంచాలి. మా ఇంట్లో ఆవకాయకు ఒక లెక్క, మాగాయకు ఒక లెక్క ఉన్నట్టే వేసవి క్రీముకు, చలికాలం క్రీముకు వేరువేరు లెక్కలు రాసుకోవాల్సిందే.

నీళ్లు లేని లేపనమైతే గట్టిదనాన్ని ముందే చూసుకోవచ్చు. పాకం చూసినట్టే! ఫ్రిజ్‌లో చల్లబరిచిన స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి నిమిషం ఆగి వేలితో నొక్కండి. ఒక వంతు మైనానికి నాలుగు వంతుల నూనె అయితే గట్టిగా, ఆరు వంతులైతే మెత్తగా వస్తుంది. నచ్చకపోతే అప్పుడే కాస్త నూనో, మైనమో కలిపి మళ్లీ చుక్క వేయొచ్చు. నీళ్లున్న క్రీముకు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. అది చేసిన రోజు పలచగా ఉండి మర్నాటికి చిక్కబడుతుంది. వేడిమీద చూసి ‘అయ్యో నీళ్లలా ఉంది’ అని మైనం దట్టిస్తే రేపటికి సబ్బుబిళ్ల అవుతుంది. కనీసం ఒక రోజు ఆగండి.

జిడ్డు, జిగురు, తెల్ల చారలు

జిడ్డు వేరు, జిగురు వేరు. రెండింటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

జిడ్డు నూనెవల్ల. నూనె మొత్తం తగ్గించడం ఒక దారి. తేలికైన నూనెకు మారడం ఇంకో దారి. ఆముదం అన్నిటికన్నా చిక్కన, అంటుకుపోతుంది. అది వంద గ్రాములకు రెండు మూడు గ్రాములు మించకుండా ఉంటే మంచిది. బాదంనూనె తేలిక, ధరే బరువు. మనం ముందు చెప్పుకున్న మడమల లేపనానికి ఇంకో ఉపాయం ఉంది. నీళ్లు లేని లేపనంలో, కాస్త చల్లారి చిక్కబడే దశలో, మొక్కజొన్న పిండి వంద గ్రాములకు రెండు మూడు గ్రాములు కలిపితే జిడ్డు తెలియకుండా మెత్తటి పొడి స్పర్శ వస్తుంది. నీళ్లున్న క్రీములో ఈ పని చేయొద్దు, పిండి సూక్ష్మజీవులకు విందుభోజనం. పెద్దవాళ్లకు పగలు మీగడ రకం పలచటి క్రీము, రాత్రి పడుకున్నాక మంచంమీదే లేపనం రాసి నూలు మేజోళ్లు తొడగడం మంచి పద్ధతి. పొద్దున లేచి నడిచే ముందు మేజోళ్లు తీసేసి పాదాలు తుడుచుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు వేళ్ల సందుల్లో రాయకూడదు, అక్కడ తడి నిలిస్తే పాచిపోతుంది. పగులు లోతుగా ఉన్నా, చీము, రక్తం కనిపించినా క్రీములు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

జిగురు గ్లిజరిన్‌వల్ల, లేదా బంకవల్ల. గ్లిజరిన్ మంచిదని పదీ పదిహేను గ్రాములు పోస్తే వేళ్లు అతుక్కుంటాయి. 3 నుంచి 5 గ్రాములు చాలు. చిక్కదనం కోసం వేసే జాంతన్ గమ్ వందకు 0.2 నుంచి 0.5 గ్రాములు దాటితే క్రీము బెండకాయ జిగురులా తీగలు సాగుతుంది. దాన్ని నేరుగా నీళ్లలో వేస్తే చేప కళ్లలాంటి ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడవవు. ముందు గ్లిజరిన్‌లో కలిపి తర్వాత నీళ్లు పోస్తే ఉండలు రావు. ఉప్మా రవ్వ ఉండకట్టకుండా పోయడం వచ్చినవాళ్లకు ఇది పెద్ద పనికాదు.

తెల్ల చారల సంగతి. చేతిమీద వేసి రుద్దుతుంటే క్రీము ఇంకకుండా సబ్బు నురగలా తెల్లగా తేలుతుంది. ముదురు రంగు చర్మం మీద ఇంకా బాగా కనిపిస్తుంది. మైనాలు, సెటైల్ ఆల్కహాల్ మోతాదు మించితే ఇలా అవుతుంది. సెటైల్ ఆల్కహాల్ సగం తగ్గించి, ఆ చిక్కదనాన్ని చిటికెడు జాంతన్ గమ్‌తో తెచ్చుకోండి. దుకాణాల్లో దొరికే క్రీముల్లో ఈ చారలు రాకుండా డైమెథికోన్ అనే సిలికోన్ వాడతారు. ఒక శాతం వేస్తే మీ క్రీములోనూ పనిచేస్తుంది. ‘ఇంట్లో చేసింది’ అన్నాక సిలికోన్ ఎందుకనుకునేవాళ్లు మానేయొచ్చు, నష్టమేమీ లేదు. అర నిమిషం ఎక్కువ రుద్దుకోవాలి, అంతే.

బుడగలా? బ్లెండరు తల పైకి లేవకుండా చూడండి, గిన్నెను గట్టు మీద నాలుగుసార్లు తట్టండి. అవే పోతాయి.

తెల్లదనం ఎక్కడిది?

నెయ్యి పసుపు. నీళ్లకు రంగు లేదు. మరి పాలు తెల్లగా ఎందుకున్నాయి? బోలెడన్ని సన్నటి బొట్ల మీద పడిన వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోవడంవల్ల. క్రీముదీ అదే కథ. నూనెనెంత సన్నటి బొట్లుగా విడగొడితే అంత తెల్లగా కనిపిస్తుంది. అందుకని మీ క్రీము పసుపుపచ్చగా, మందంగా ఉందంటే రెండు అర్థాలు. ఒకటి, తేనెమైనం, నువ్వులనూనెల సహజమైన రంగు. దాంతో ఇబ్బందేం లేదు. రెండు, గిలక్కొట్టడం చాల్లేదు. రెండోదైతే ఈరోజో రేపో విరిగిపోతుందని హెచ్చరిక.

అమ్మమ్మల కాలం నాటి ‘స్నో’ గుర్తుందా? పెళ్లిచూపులంటే స్నో, పౌడరు ఉండాల్సిందే! బొంబాయిలో 1919లో మొదలైన ఆఫ్ఘన్ స్నో ఈ రకానికి మన దేశంలో పేరు తెచ్చింది. స్నోలలో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ. అందులో కొంతభాగాన్ని క్షారంతో సబ్బుగా మార్చి, మిగిలినదాన్ని అలాగే ఉంచుతారు. ఆ మిగిలింది చల్లారేటప్పుడు పలచటి రేకుల్లాంటి పలుకులవుతుంది. ముత్యంలాంటి ఆ మెరుపు రేకులదే. రాసుకోగానే మాయమైపోయేది కాబట్టి ఇంగ్లిషువాళ్లు వానిషింగ్ క్రీమ్ అన్నారు. నిజానికి ఎక్కడికీ పోదు, కనబడని పలచటి పొరగా చర్మం మీదే ఉంటుంది.

రంగు కోసం పసుపు వేసేవాళ్లకు ఒక మాట. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి, దిష్టి తీయడం చూసినవాళ్లందరికీ తెలుసు. వెలిగారం క్రీమూ, స్నో కూడా సున్నంలాగే కాస్త క్షారగుణం ఉన్నవి. అందులో పసుపు కలిపితే ముచ్చటైన పచ్చదనం రాదు, ఇటుక రంగు వైపు తిరుగుతుంది. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్‌తో చేసిన క్రీములో పచ్చగానే ఉంటుంది గానీ వెలుతురు తగిలితే వెలిసిపోతుంది, దిండు గలీబులకు అంటుకుంటుంది. కలుపుకునే తీరాలంటే రోజూ రాత్రి అరచేతిలో క్రీము వేసుకుని అప్పటికప్పుడు చిటికెడు కలుపుకోండి.

తెల్లటి క్రీము రాసుకుంటే మనమూ తెల్లబడతామన్న ఆశ ఉందే, అది మాత్రం ప్రమాదకరం. కొందరు మెడికల్ షాపులో స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొనుక్కొచ్చి ఇంటి క్రీములో కలిపేస్తుంటారు. మొదట్లో మొహం నిగనిగలాడుతుంది. కొన్నాళ్లకు చర్మం పలచబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు మొదలవుతాయి. ఊరూపేరూ లేని తెల్లబడే క్రీములు ఇంకా ఘోరం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అరుదైన కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరు అలాంటి క్రీములు వాడినవాళ్లేనని, వాటిలో పాదరసం ఉందని డాక్టర్లు గుర్తించారు. మన నిబంధనల ప్రకారం ముఖానికి, ఒంటికి రాసే క్రీముల్లో పాదరసం వాడకూడదు. పొరపాటున చేరేది కూడా పది లక్షల వంతుల్లో ఒక వంతు మించరాదు. చూపులకు అవి మన ఇంటి క్రీము కన్నా ఎంతో నున్నగా, తెల్లగా ఉంటాయి.

సరిదిద్దకూడనివి

ఇప్పటిదాకా చెప్పుకున్న లోపాలన్నీ చూపుకు, స్పర్శకు సంబంధించినవి. రవ్వ కట్టినా, పసుపుగా ఉన్నా, చారలు పడినా ఎవరికీ ఏమీ కాదు. అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెడితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా? నీళ్లు చేరిన చోట బూజు చేరుతుంది. నూనె, మైనం మాత్రమే ఉన్న లేపనం నెలల తరబడి ఉంటుంది. నీళ్లు కలిసిన క్రీము ప్రిజర్వేటివ్ లేకపోతే ఆ సుఖం ఎరగదు. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. పెరటి కలబంద గుజ్జు, పాలు, తేనె, కీరా రసం కలిపారంటే ఇంకా తొందరగా పాడవుతుంది. విటమిన్ ఇ గొట్టాలు పిండితే నిల్వ ఉంటుందని చాలామంది నమ్మకం. అది నూనె ముక్కిపోవడాన్ని కాస్త ఆలస్యం చేస్తుందే తప్ప సూక్ష్మజీవులను ఏమీ చేయదు. వేపనూనె, లవంగనూనె చుక్కలూ ఆ పనికి చాలవు, మోతాదు పెంచితే చర్మం మండుతుంది. ఫినాక్సీ ఎథనాల్ రకం ప్రిజర్వేటివ్ అయితే నూటికి ఒక గ్రాము మించకూడదు. సోడియం బెంజోయేట్ పులుపు వైపు ఉన్న క్రీములో, అంటే పీహెచ్ 5 లోపు ఉంటేనే పనిచేస్తుంది. వెలిగారం క్రీములో వేస్తే దండగ.

మొదట్లో చిక్కగా ఉన్న క్రీము రెండు వారాలకు కారణం లేకుండా పలచబడిందా? పుల్లటి వాసనో, తడిబట్ట వాసనో వస్తోందా? బూడిదరంగు, నల్ల, గులాబీ చుక్కలు కనిపించాయా? మళ్లీ వేడి చేయడం, చుక్కలున్న చోట తీసేసి మిగిలింది వాడటం, అత్తరు కలిపి వాసన కప్పిపుచ్చడం... ఇవేవీ వద్దు. పారేయండి. పైకి చుక్క కనిపించేసరికే లోపల బోలెడంత పెరిగి ఉంటుంది. పగిలిన మడమకు, గోకిన చర్మానికి, పసిపిల్లల ఒంటికి అలాంటిది తగిలితే చీము పడుతుంది. ఖరీదైన బాదంనూనె పోసి చేశామే అన్న బాధ ఉంటుంది, కాదనను. అందుకే ఒకేసారి అరకిలో చేయకుండా వంద గ్రాములు చేసుకోండి. మరిగే నీళ్లలో ఉంచి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాలో పోయండి. వేలితో కాకుండా పొడి చెంచాతో తీయండి. తేదీ రాసి అంటించండి.

పసిపిల్లలకు ఎలాగూ ఈ ప్రయోగాలు అక్కర్లేదు. కర్పూరం, యూకలిప్టస్, పుదీనా నూనెలు కలిపినవి రెండేళ్లలోపు వాళ్ల దగ్గరికే రానీయొద్దు.

క్రీము బాగా కుదిరింది, ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు, డ్వాక్రా గ్రూపులో పదిమందీ కలిసి అమ్ముదామనుకుంటున్నారు. మంచిదే. అయితే ఇంట్లో వాడుకోవడం వేరు, అమ్మడం వేరు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద 2020లో వచ్చిన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మకానికి క్రీములు తయారుచేయాలంటే లైసెన్సు కావాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఔషధ నియంత్రణ శాఖను సంప్రదించాలి. సీసామీద ఏమేం కలిపారో, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, లైసెన్సు నంబరు ఉండాలి. దానికి ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూసుకోవచ్చు. చిన్న సీసా ఒకటి పక్కకు తీసి, ఒక రోజు ఫ్రిజ్‌లో, ఒక రోజు బయట వెచ్చటి చోట, ఇలా మూడు దఫాలు మార్చి పెట్టండి. అప్పటికీ నూనె తేలకపోతే, రవ్వ కట్టకపోతే కట్టు గట్టిగా ఉన్నట్టే. సూక్ష్మజీవుల సంగతి మాత్రం ఈ పరీక్షలో తేలదు, దానికి ల్యాబుకు పంపాలి.